అప్‌డేట్: పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్ పోయింది
మొన్న అడిగినా కదన్నా, కర్నూల్లో జిరాక్స్ షాపులో పెట్టిచ్చిన పెన్‌డ్రైవ్ ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయినాయని, అది సెట్ అయింది. విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టినా, అది రీస్టార్ట్ అయి విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే వెతుకుతాది కాబట్టి దాక్కున్నది కూడా దొరికింది. ఫైల్స్ అసలు పోనేలేదు, వైరస్ వాటిని హిడెన్ చేసి వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెట్టిందంతే, స్కాన్ అయినాక కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ (attrib) కమాండ్‌కి మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ ఇస్తే, అంటే ఫైల్స్‌కున్న హిడెన్, రీడ్-ఓన్లీ, సిస్టమ్ గుర్తులు తీసేస్తే, అన్నీ బయటికొచ్చినాయి, చెల్లి ప్రాజెక్ట్ రిపోర్ట్ కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఫార్మాట్ కొట్టమన్నోళ్ల మాట వినుంటే అదంతా పోయేది, దయచేసి ఎవరికీ ముందే అది చెప్పకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, అందుకే ల్యాప్‌టాప్‌ని కూడా విండోస్ 11కి మార్చేసినా. సలహా ఇచ్చిన అన్నలకి, అక్కలకి చాలా థ్యాంక్స్.