‘ఆటోపైలట్’కి తెలుగు వెతుకుతుంటే ‘ప్రమాదం’ ఎదురైంది

అరసున్న:
ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘ఆటోపైలట్ మీద బతకడం’ అన్న మాట దగ్గర రెండు రోజులుగా బండి కదలడం లేదు. పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి, ఎవరో ఏదో అడిగితే “సరే” అనేయడం దాకా, మనం లేకుండానే మన పనులు జరిగిపోతుంటాయే, ఆ స్థితి.

‘యాంత్రికంగా’ అని రాస్తే విసుగు ధ్వనిస్తోంది. యాంత్రికంగా బతుకుతున్నానని వాపోయేవాడికి ఆ సంగతి తెలుసు, వాడి బాధే అది. నా వ్యాసంలో మనిషికి ఆ బాధ కూడా లేదు, హాయిగా ఉన్నాడు. ‘యథాలాపంగా’ అంటే మాటవరసకు అన్నట్టు తేలిపోతుంది. ‘పరధ్యానం’ కొంత దగ్గర. కానీ పరధ్యానంలో ఉన్నవాడి మనసు ఇంకెక్కడో ఉంటుంది, వీడి మనసు ఎక్కడా లేదు. ఏం రాయమంటారు?

శకటరేఫం:
ఆ మాట మన దగ్గర ఉండేదండీ, పోగొట్టుకున్నాం. ‘ప్రమాదం’.

నవ్వకండి. సంస్కృతంలో ప్రమాదమంటే దెబ్బలు తగలడం కాదు, ఏమరుపాటు. చదువు ముగించుకుని వెళ్ళే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పే మాట “సత్యాన్న ప్రమదితవ్యమ్”. నిజం విషయంలో ఏమరకు అని. “ప్రమాదో ధీమతామపి” అని ఇప్పటికీ అంటుంటాం, తెలివైనవాళ్ళూ పొరబడతారనే అర్థంలో. పాళీలో ఇదే ‘పమాదం’. బౌద్ధుల ధమ్మపదంలో రెండో వర్గం పేరు అప్పమాదవగ్గం. అప్పమాదం అమృతపదం, పమాదం మృత్యుపదం అని మొదలవుతుంది. మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం బుద్ధుడి ఆఖరి మాట కూడా “అప్పమాదేన సంపాదేథ”, ఏమరకుండా సాధించుకోండి అని. అక్కడ ‘యాక్సిడెంట్లు చేయకండి’ అని అర్థం చెప్పుకుంటే ఎలా ఉంటుందో చూడండి.

తెలుగులో కారణం పేరు ఫలితానికి అంటుకుంది. మనసులో జరిగేదాని పేరు రోడ్డు మీద జరిగేదానికి పెట్టేశాం. దాంతో మొదటిదానికి పేరు లేకుండా పోయింది.

వట్రసుడి:
అయితే “డ్రైవర్ ఏమరుపాటు వల్ల ప్రమాదం” అని పేపర్లో వస్తే, పాత లెక్కన “ఏమరుపాటు వల్ల ఏమరుపాటు” అన్నమాట!

శకటరేఫం:
అంతే. పాత అర్థం బతికున్న చోటు ఒకటుంది, ‘అప్రమత్తం’. “తుఫాను వస్తోంది, అప్రమత్తంగా ఉండండి” అంటాం కదా. ‘కాదు’ అనే రూపం నిలబడింది, ‘అవును’ అనే రూపం జారిపోయింది. ‘ప్రమత్తుడు’ అని ఇప్పుడెవరైనా రాస్తే ప్రూఫు దిద్దేవాళ్ళు ముందు ‘అ’ చేర్చేస్తారు.

కొమ్ము:
చిన్న సందేహం. ప్రమోదం, ప్రమాదం ఒకే ధాతువువి కదా?

శకటరేఫం:
కాదండీ. ప్రమోదం ‘ముద్’ నుంచి, దాని చుట్టాలు మోదం, ఆమోదం. ప్రమాదం ‘మద్’ నుంచి, దాని చుట్టాలు మదం, ఉన్మాదం, మత్త. మన ‘మత్తు’ ఆ కుటుంబంలోదే. అరసున్న గారూ, మీకు కావలసింది ఇక్కడుందనుకుంటా. నిద్రమత్తులో ఉన్నవాడు నడుస్తాడు, జవాబిస్తాడు, తలుపు గడియ కూడా వేస్తాడు. పొద్దున అడిగితే “నేనా?” అంటాడు.

ఏత్వం:
‘పరాకు’ని ఎవరూ తలుచుకోలేదేం? పరాకుగా ఉన్నాడంటే ధ్యాస లేకుండా ఉన్నాడని. త్యాగరాజు రాముణ్ణి “పరాకు నీకేల” అని నిలదీసింది ఆ అర్థంలోనే. మరి కొలువుకూటంలో రాజు వస్తుంటే వందిమాగధులు “బహుపరాకు” అని కేకవేసేది హెచ్చరికగా! జబ్బుకీ మందుకీ ఒకటే పేరు. నాకైతే ఇంతకంటే ముచ్చటైన మాట తెలుగులో కనిపించలేదు.

వట్రసుడి:
బాగుంది మాస్టారూ. కాకపోతే రాజుకి కేకవేసేవాడు వేరే ఉన్నాడు, మనకి ఎవడున్నాడు? “నేను పరాకుగా ఉన్నాను” అని వర్తమానంలో ఎవరైనా అన్నారా ఎప్పుడైనా? “పరాకులో ఉన్నాను, చూడలేదు” అని భూతకాలంలోనే అంటాం. తెలిసిన క్షణాన అది పోయినట్టే.

ఏత్వం:
ఈ ముక్క నాకు తట్టలేదు సుమా.

కొమ్ము:
నాదొక అభ్యంతరం. పోతన ప్రహ్లాదుడి సంగతేమిటి? “పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్” అని మొదలయ్యే పద్యంలో అతను తాగుతాడు, తింటాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, నిద్రపోతాడు, తిరుగుతాడు. అన్నీ చేస్తూనే “మఱచెన్... ఏతద్విశ్వమున్” అన్నాడు కవి. ప్రపంచాన్నే మరిచాడు. ఇంతకు మించిన ఆటోపైలట్ ఉంటుందా? అతన్ని ప్రమత్తుడందామా?

శకటరేఫం:
ఈ ప్రశ్నకి నేను ఓ పూట ఆలోచించాను. పద్యం మధ్యలో “చింతామృతాస్వాద సంధానుండై” అని ఉంది. సంధానం అంటే కలపడం, గురి కుదర్చడం. బాణం సంధించడం అంటాం కదా. ప్రహ్లాదుడి మనసు జారిపోలేదు, అతను తెలిసి ఒక చోట పెట్టాడు. తిండీ నడకా చేతులకీ కాళ్ళకీ వదిలేశాడు. మన విషయంలో చేతులకు వదిలేయడం వరకు జరుగుతుంది, పెట్టడం జరగదు. పద్యాన్ని నేను ఎక్కువ లాగుతున్నానంటే ఒప్పుకుంటాను, భక్తి పద్యాన్ని మనస్తత్వశాస్త్రం చేయడం అంత మర్యాద కాదు.

ఏత్వం:
లాగారు గానీ తెగలేదు లెండి. అసలు అలవాటుని మరీ తిట్టకండి. ‘చేయి తిరిగిన’ అనేది మన భాషలో పొగడ్త. ప్రతి అడుగూ ఆలోచించి వేయాలంటే గుమ్మం దాటలేం. విమానంలో ఆటోపైలట్ పెట్టిందీ పైలట్ బడలిక తగ్గించడానికే. 1914లో పారిస్ దగ్గర, దాన్ని తయారుచేసిన లారెన్స్ స్పెరీ ఎగిరే విమానంలో చేతులు పైకెత్తి చూపించి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. అంతే గానీ నిద్రపోయి చూపించలేదు.

వట్రసుడి:
అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో రాసింది గుర్తొచ్చింది. విందుకు బట్టలు మార్చుకుందామని గదిలోకి వెళ్ళి, ఒక్కొక్కటే విప్పుతూ విప్పుతూ చివరికి పక్క ఎక్కేసే పరధ్యానపు మనుషులుంటారట. ఆ గదిలో అలా విప్పడం రోజూ నిద్రకే కాబట్టి. మనవాళ్ళు దీన్ని రెండు మాటల్లో తేల్చారు, ‘అలవాటులో పొరపాటు’.

అరసున్న:
అందరికీ నమస్కారం. ‘ప్రమాదం’ అని రాస్తే పాఠకుడు అంబులెన్స్ కోసం చూస్తాడు, కాబట్టి వదిలేస్తున్నా. పరాకు మీద మోజుంది గానీ, అది కాసేపటిది. నా వ్యాసంలోవాడు ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాడు. ఎవరేమడిగినా “సరే” అని అని, ఒకరోజు చూసుకుంటే ఇల్లూ ఉద్యోగమూ అన్నీ ఇంకొకరి “సరే”లతో నిండి ఉన్నాయి. నామవాచకం మానేసి క్రియ పట్టుకున్నాను: “ఏమరి బతకడం”. “ఇన్నేళ్ళూ ఏమరి బతికాను” అని వాడిచేత అనిపించాను. వట్రసుడి గారు చెప్పినట్టు భూతకాలంలోనే.

శకటరేఫం:
బాగా కుదిరింది. ఒక్క జాగ్రత్త, ‘ఏమరి’ని ‘ఏమారి’ అని దిద్దనివ్వకండి. అన్నట్టు ‘ఏమార్చు’ దీని ప్రేరణరూపమే, అవతలివాణ్ణి ఏమరేలా చేయడం. అందుకే దానికి మోసగించడం అనే అర్థం వచ్చింది.

కొమ్ము:
అయితే ఈ వ్యాసంలో ఏమార్చినవాడెవడు?

అరసున్న:
అది రచయిత కూడా చెప్పలేదండీ. సరే, రెండో పేరాకి వెళ్తున్నా. అక్కడ ‘మైండ్‌ఫుల్‌నెస్’ కాచుక్కూర్చుంది.

ఏత్వం:
దానికి వేరే పోస్టు పెట్టండి బాబూ. ఎరుకా, మెలకువా, స్పృహా అని ఇక్కడే మొదలెడితే తెల్లారిపోతుంది.