ఒక చిత్రకారుడికి ఇన్ని మాధ్యమాలు అవసరమా?

ప్రశ్న:
చాలాకాలంగా నీటిరంగులతో చిత్రాలు వేస్తున్న నన్ను ఇటీవల లినోకట్ అచ్చులూ (లినోలియం అనే మెత్తని పలకను చెక్కి, సిరా పూసి కాగితంపై తీసేవి) మట్టి శిల్పమూ బలంగా ఆకర్షిస్తున్నాయి. ఒకదానిలో పూర్తిగా పట్టు చిక్కకముందే మరొకదానిలోకి వెళితే దేనిలోనూ నైపుణ్యం రాదని మిత్రులు హెచ్చరిస్తున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం:
నిస్సంకోచంగా వెళ్ళండి. నీటిరంగుల్లో తెలుపు కాగితానిదే కాబట్టి, వెలుగు పడే చోటును ముందుగానే వదిలిపెట్టి లేత రంగు నుంచి ముదురు రంగుకు సాగుతాం. లినోలియం పలకపైనా ఉలితో తొలగించిన భాగమే అచ్చులో తెల్లగా మిగులుతుంది కనుక, ఆ ముందుచూపు మీ చేతికి ఇప్పటికే అలవడి ఉంటుంది. అయితే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, చెక్కే ముందు గీతను ఒకసారి అద్దంలో చూసుకోవడం మంచిది.

రెండవ సమాధానం:
ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ డెగాను చూడండి. తైలవర్ణాలు, పాస్టెల్ (రంగు సుద్దలు), మోనోటైప్ (పలకపై వేసిన బొమ్మను కాగితంపైకి ఒత్తి తీసే ఏక ప్రతి అచ్చు), ఛాయాచిత్రణ అన్నింటినీ ఆయన ప్రేమించారు. 1917లో ఆయన మరణించాక స్టూడియోలో మైనంతో, మట్టితో చేసిన శిల్పాలు సుమారు 150 బయటపడ్డాయి. వాటిలో ఆయన జీవితకాలంలో ప్రదర్శించింది 1881 నాటి బాల నర్తకి శిల్పం ఒక్కటే. మిగిలినవన్నీ శరీరపు కదలికను వేళ్ళతో తెలుసుకోవడానికి చేసుకున్నవేనని నా నమ్మకం. దాన్ని చెదిరిన ఏకాగ్రత అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మూడవ సమాధానం:
మీ మిత్రుల మాటలోనూ కొంత నిజముంది. మట్టి తొందరను సహించదు. లోపల తడి మిగిలిన మందపాటి బొమ్మ కాల్చే బట్టీలో పగిలిపోతుంది. అందువల్ల రెండు కొత్త మాధ్యమాలనూ ఒకేసారి చేపట్టకుండా, మీరు ఇదివరకే చిత్రించిన ఒక వస్తువును ముందు లినోకట్‌లో చేసి చూడండి.