బూట్ కాని కంప్యూటర్‌కి రెస్క్యూ పెన్‌డ్రైవ్ పెట్టాలా, ముట్టుకోకుండా ఉండాలా?

నీలితెర

మొన్న మా ఆఫీసులో దీని మీద గట్టిగానే వాదన అయింది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా అక్క ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఆటోమేటిక్ రిపేర్ అంటుంది, రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ అదే. లోపలి విండోస్ లేవకపోయినా కంప్యూటర్‌ని లేపే రెస్క్యూ పెన్‌డ్రైవ్ ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, వెంటాయ్‌తో (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా ఐఎస్ఓలు బూట్ చేయనిచ్చే టూల్) చేసుకున్నది. సిస్టమ్‌రెస్క్యూ (లినక్స్ రెస్క్యూ సిస్టమ్), జీపార్టెడ్, క్లోన్‌జిల్లా, మెమ్‌టెస్ట్ లాంటి టూల్స్, ఒక విండోస్ పీఈ (రిపేర్‌కి వాడే చిన్న విండోస్), అన్నీ ఐఎస్ఓ ఫైళ్లుగా (డిస్క్ ఇమేజ్‌లు) అందులోనే పడేసి ఉంచాను. సిస్టమ్‌రెస్క్యూలోకి బూట్ చేసి అక్క ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి లాగాను. తర్వాత పీఈలోంచి బీసీడీబూట్ అనే కమాండ్ కొట్టి బూట్ ఫైళ్లు మళ్లీ రాయించాను. గంటన్నర పని, అంతే.

ఇది చెబితే మా సహోద్యోగి "నీ టైం బాగుంది. మామూలు వాళ్ల చేతికి ఇలాంటివి ఇవ్వకూడదు" అన్నాడు. నేను ఒప్పుకోను. బూట్ కాలేదనగానే ఫార్మాట్ కొట్టించుకుని ఫొటోలు పోగొట్టుకున్న వాళ్లు ఎంతమందో. కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి ఉండాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

స్క్రూడ్రైవర్

నేను కాదంటాను. రిపేర్ పనే నా బతుకు, కాబట్టి గిరాకీ పోతుందని భయం అనుకోకండి. నిజానికి ఈ పెన్‌డ్రైవ్‌ల వల్ల నాకు పని పెరిగింది.

చచ్చిన డిస్క్ తెచ్చేవాళ్లతో ఇబ్బంది లేదు. "ఇంట్లో కొంచెం ట్రై చేశామండీ" అంటూ తెచ్చేవాళ్లతోనే. ఒకాయన హార్డ్ డిస్క్ రెండు రోజులుగా టకటకమంటోంది. ఆయన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్‌కి స్లాష్ ఆర్ తగిలించి రాత్రంతా వదిలేశాడు. చెక్‌డిస్క్ కాపాడేది ఫైల్ సిస్టమ్‌ని (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక), మీ ఫైళ్లని కాదు. పట్టికలో లెక్క కుదరని ఎంట్రీలు తీసేస్తుంది, దిక్కులేని ముక్కల్ని ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్‌లో కుమ్మరిస్తుంది. స్లాష్ ఆర్ పెడితే డిస్క్‌లో ప్రతి సెక్టార్‌నీ చదువుతుంది. అసలే ఆయాసపడుతున్న హెడ్ చేత రాత్రంతా పరుగు తీయించినట్టు. పొద్దునకి ఆ డిస్క్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కూడా కనిపించడం మానేసింది. నా దగ్గరికి నేరుగా తెచ్చి ఉంటే సగానికి పైగా వచ్చేదని నా అంచనా.

నీలితెర

స్క్రూడ్రైవర్ గారూ, ఆ తప్పు చెక్‌డిస్క్‌ది. పెన్‌డ్రైవ్ లేకపోయినా అదే చెక్‌డిస్క్‌ని విండోస్ తనంతట తనే బూట్ టైంలో మొదలుపెడుతుంది కదా? మీరు చెప్పిన కథ నా వైపే ఉంది. పాడవుతున్న డిస్క్‌లోంచి విండోస్‌ని లేపే ప్రయత్నమే ప్రమాదం. లాగ్‌లు, పేజ్ ఫైల్, అప్‌డేట్లు, ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్ ర్యామ్‌లో నడుస్తుంది. నేను మౌంట్ చేస్తే (తెరిచి తగిలిస్తే) తప్ప సిస్టమ్‌రెస్క్యూ ఆ పార్టిషన్ జోలికి పోదు, చేసినా రీడ్ ఓన్లీగా చేస్తాను.

పైగా డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రీడింగ్ ముందు చూడొచ్చు. సాటా హార్డ్ డిస్క్ అయితే 5, 197, 198 నంబర్ల వరసలు చూస్తే చాలు. 197 అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు. అది సున్నా కాకుండా, రోజురోజుకీ పెరుగుతుంటే రిపేర్ మాట మర్చిపోయి, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ ఫైల్‌గా కాపీ చేసే డీడీరెస్క్యూ ఎత్తుకోవాలి. సులువుగా వచ్చే భాగాలు ముందు లాగేస్తుంది, మొరాయించే చోట్లు దాటేసి చివర్లో తిరిగి వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే. పోయిన పార్టిషన్లు, ఫైళ్లు వెతికే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటివి ఆ ఇమేజ్ మీద నడిపితే అసలు డిస్క్‌ని ముట్టుకునే పనే లేదు.

స్క్రూడ్రైవర్

మీరు చూస్తారు. మీరు రీడ్ ఓన్లీ పెడతారు. ఆ పెన్‌డ్రైవ్ ఉండాలంటున్న "ప్రతి ఇంట్లో" ఎవరు చూస్తారు? డీడీరెస్క్యూలో సోర్స్, డెస్టినేషన్ తారుమారు అయితే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల డిస్క్ మీద కూర్చుంటుంది. నేను చూశాను.

రాత్రిషిఫ్ట్

ఇద్దరూ హార్డ్ డిస్క్ కాలంలోనే ఆగిపోయారు. ఇప్పుడు అడ్డు పడేది డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే, దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు బ్లూ స్క్రీన్‌లో ఇరుక్కున్నాయి. మందు చాలా చిన్నది: ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి 291 నంబర్ ఉన్న ఆ సిస్ ఫైల్‌ని తీసేయడం. మైక్రోసాఫ్టే ఆ పని చేసే యూఎస్‌బీ టూల్ కూడా ఇచ్చింది. అయితే డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే పీఈలోంచి లోపలికి వెళ్లాలంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. కీ దగ్గర లేనివాళ్ల కోసం సేఫ్ మోడ్ (విండోస్‌నే తక్కువ డ్రైవర్లతో లేపడం) దారి విడిగా పెట్టింది అందుకే.

కారణం ఏమిటంటే, తాళం కంప్యూటర్‌లోని టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌లో ఉంటుంది. మెషిన్ ఎప్పుడూ లేచే దారిలోనే లేస్తేనే అది తాళం ఇస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేస్తే ఇవ్వదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, ఇంట్లో వాడే మామూలు ల్యాప్‌టాప్‌లు కూడా చాలావరకు వాటంతటవే ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయి. కీ లేని ఇంట్లో మీ పెన్‌డ్రైవ్ తాళంచెవుల గుత్తికి కట్టుకోవడానికి బాగుంటుంది.

కొత్తగా

అందరికీ నమస్కారం, నాది సరిగ్గా ఈ కథే. ల్యాప్‌టాప్ బూట్ కాలేదు, ఒక పీఈ పెన్‌డ్రైవ్ పెట్టాను, అందులో డిస్కే కనిపించలేదు. ఒక వీడియోలో బయోస్‌లోకి వెళ్లి వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగు) ఆపేయమన్నారు, ఆపేశాను. సెక్యూర్ బూట్ (నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగు) కూడా తీసేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే రికవరీ కీ అడుగుతోంది. అసలు కీ పెట్టుకున్నట్టే నాకు గుర్తులేదు. ఫుల్ టెన్షన్‌గా ఉంది అన్నా, అంతా పోయినట్టేనా?

స్క్రూడ్రైవర్

నేను చెప్పేది ఇదే, చూశారుగా.

నీలితెర

పోలేదు తమ్ముడూ. ముందు బయోస్‌లో ఆ రెండూ ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పెట్టేయండి. పీఈలో ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ లేక డిస్క్ కనిపించలేదు, అంతే. డ్రైవర్ ఎక్కించుకోవాలి, లేదా కొత్త కెర్నెల్ ఉన్న లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టాలి. అందులో వీఎండీకి సపోర్ట్ ఉంటుంది. కీ అడిగే స్క్రీన్ మీద కీ ఐడీ అని ఒకటి ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు రాసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీల పేజీ తెరిచి ఏది కలుస్తుందో చూడండి. ఆ ల్యాప్‌టాప్‌ని మొట్టమొదట సెటప్ చేసింది ఎవరి అకౌంట్‌తో?

పాతకీబోర్డ్

ఆయన వెతుక్కునే లోపల నా మాట ఒకటి.

పెన్‌డ్రైవ్‌లో ఏముందో మీకు తెలుసా? రిపేర్ టూల్స్ అన్నీ ఒక్కచోట ఉండే పాత హైరెన్స్ బూట్ సీడీ మీద నాకూ ప్రేమే. 2012లో వచ్చిన 15.2 చాలాకాలం నా జేబులోనే ఉండేది. కానీ అందులో డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్లు కూడా ఊరికే కూర్చుని ఉండేవి, ఎక్కడి నుంచి వచ్చాయో అడిగినవాళ్లు లేరు. ఇప్పుడున్న పీఈ వెర్షన్ వేరు, అది ఉచిత టూల్స్‌తోనే వస్తుంది. వెంటాయ్‌లో కూడా సోర్స్ కోడ్ నుంచి కట్టని రెడీమేడ్ బైనరీ ఫైళ్లు ఉన్నాయని ఎప్పటి నుంచో గొడవ నడుస్తోంది. దొంగ కోడ్ ఉందని నేననను. కానీ ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ ముందు రూట్ అధికారంతో కూర్చునేది ఏదో, దాన్ని ఎక్కడ డౌన్‌లోడ్ చేశామో చూసుకోవాలి కదా. అసలు సైట్ నుంచే తెచ్చుకుని చెక్‌సమ్ (ఫైల్ మారలేదని తేల్చే నంబర్) సరిచూసుకునేవాళ్లు మనలో ఎంతమంది? నేనైతే పదిసార్లలో రెండుసార్లు.

ఇంకొకటి. డిలీట్ అయిన ఫైళ్లు కూడా వస్తాయని ఆశ పెట్టకండి. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసిన చోటుని ఖాళీ చేసే ట్రిమ్ నడిచాక ఫొటోరెక్ తిప్పినా మిగిలేది సున్నాలే. హార్డ్ డిస్క్‌లో దొరికినా ఫొటోరెక్‌కి ఫైల్ పేర్లతో పనిలేదు, లోపలి గుర్తుల్ని బట్టి ఏరుకొస్తుంది. వేల ఫొటోలు నంబర్లతో వచ్చి పడితే, ఏది పెళ్లి ఏది పుట్టినరోజు అని వారం రోజులు కూర్చుని విడదీశాను ఒకసారి.

స్క్రూడ్రైవర్

సరే, ఒక మెట్టు దిగుతాను. శబ్దం చేస్తున్నా, బయోస్‌లో ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతున్నా, కింద పడినా, ఆ డిస్క్‌ని ఆపేసి ఎవరికైనా చూపించండి. పెన్‌డ్రైవ్ మాటే వద్దు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి విండోస్ మాత్రమే లేవకపోతే పెట్టుకోండి. కానీ నేను చేసిచ్చే పెన్‌డ్రైవ్‌లో రిపేర్ టూల్ ఒక్కటీ ఉండదు. ఫైల్ మేనేజర్, స్మార్ట్ చూసేది, కాపీ చేసేది, అంతే.

నీలితెర

మరి నేను బీసీడీబూట్ ఎక్కడి నుంచి కొట్టేది?

స్క్రూడ్రైవర్

రెండో పెన్‌డ్రైవ్ నుంచి. మొదటి దానితో కాపీ అయ్యాకే అది సొరుగులోంచి బయటికి రావాలి. రెండూ ఒక్కదాంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదండీ, నాదే ఊరుకోదు.

రాత్రిషిఫ్ట్

మెనూలో రిపేర్ ఐఎస్ఓలు వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నా సరిపోతుందేమో. పెన్‌డ్రైవ్‌లో కీ టెక్స్ట్ ఫైల్‌గా మాత్రం పెట్టొద్దు, దయచేసి.

కొత్తగా

కీ దొరికింది! ఈ ల్యాప్‌టాప్ మొదట సెటప్ చేసింది మా అన్నయ్య, కీ వాడి అకౌంట్‌లో ఉంది. బయోస్ సెట్టింగులు వెనక్కి పెట్టాను. అయినా విండోస్ లేవలేదు. లినక్స్ పెన్‌డ్రైవ్‌లో కీ కొడితే డిస్క్ తెరుచుకుంది. డాక్యుమెంట్లు, ఫొటోలు బయటి డిస్క్‌లోకి వచ్చేశాయి, పదో ఇరవయ్యో వేరే కంప్యూటర్‌లో తెరిచి కూడా చూశాను. ఇప్పుడు విండోస్ తనే చేసుకునే స్టార్టప్ రిపేర్ కొట్టొచ్చా?

స్క్రూడ్రైవర్

ఇప్పుడు ఏం కొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.