‘సిన్స్ టెన్ ఇయర్స్’ ఎక్కడి నుంచి వస్తోంది?

పోటీ పరీక్షలకు శ్రీకాకుళంలో సిద్ధమవుతున్న మిత్రుడొకరు ఇక్కడ పెట్టిన వాక్యం ఇది: ‘ఐ యామ్ లివింగ్ ఇన్ ఆమదాలవలస సిన్స్ టెన్ ఇయర్స్.’ ఇందులో తప్పు ఎక్కడుందని ఆయన అడిగారు. తప్పులు రెండున్నాయి, రెండింటికీ మూలం మన తెలుగు వాక్యంలోనే ఉంది.

‘పదేళ్ల నుంచి ఉంటున్నాను’ అంటాం, ‘2015 నుంచి ఉంటున్నాను’ అనీ అంటాం. గడిచిన వ్యవధిని చెప్పినా, మొదలైన ఏడాదిని చెప్పినా మనకు ‘నుంచి’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, వ్యవధికి ‘ఫర్’ రావాలి. అలాగే మన ‘ఉంటున్నాను’ ఎప్పుడో మొదలై నేటికీ సాగుతున్న దానికి కూడా చాలుతుంది కనుక విద్యార్థి ‘యామ్ లివింగ్’ అని రాస్తాడు, ఇంగ్లీషు మాత్రం అక్కడ ‘హ్యావ్ బీన్ లివింగ్’ కోరుతుంది. అందువల్ల ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ ఆమదాలవలస ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. అయితే ‘సిన్స్’ కనబడిన ప్రతిచోటా ఈ సూత్రాన్ని ప్రయోగించకూడదు, ‘కనుక’ అనే అర్థంలో వచ్చే ‘సిన్స్’కు దీనితో సంబంధం లేదు.

ఇటువంటిదే మరొకటి చూడండి. మన ప్రాంతంలో ‘నీ పేరేటి?’ అని అడుగుతాం, ‘నీ పేరేటో నాకు తెలీదు’ అనీ అంటాం. చివర ‘ఓ’ చేరడమే తప్ప పదాల వరుస మారదు. ఇంగ్లీషులో ప్రశ్న మరో వాక్యంలో ఇమిడినప్పుడు వరుస మారుతుంది కాబట్టి ‘ఐ డోంట్ నో వాట్ ఈజ్ యువర్ నేమ్’ తప్పు, ‘వాట్ యువర్ నేమ్ ఈజ్’ ఒప్పు. ‘డిస్కస్ అబౌట్’ కూడా ‘గురించి చర్చించడం’ నుంచి వచ్చిందే, ‘అబౌట్’ తీసేస్తే చాలు.

అన్ని తప్పులనూ మాతృభాష మీద మోపడం న్యాయం కాదు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్ ఇన్ రాజాం’ అనే వాక్యాన్నే తీసుకోండి. ‘నా స్నేహితుల్లో ఒకడు రాజాంలో ఉంటాడు’ అన్నప్పుడు ‘ఒకడు’ తరువాతే క్రియ వస్తుంది కనుక తెలుగులో మనం తడబడం. ఇంగ్లీషులో కర్త ‘వన్’ దూరమై, బహువచనమైన ‘ఫ్రెండ్స్’ క్రియ పక్కన చేరుతుంది. ఈ పొరపాటు ఇంగ్లీషు మాతృభాషగా గలవారూ చేస్తారు. ‘లివ్స్’ అనడమే సరైనది.

శ్రీకాకుళం సీమలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను ఆ ప్రజల నోటి నుంచే నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. జనం నిజంగా ఎలా మాట్లాడుతున్నారో గమనించే ఆ పద్ధతి మన తరగతి గదుల్లోకీ రావాలని నా గట్టి నమ్మకం. తప్పుకు ఎర్ర గీత పెట్టే ముందు ఉపాధ్యాయుడు దాని వెనుకనున్న తెలుగు వాక్యాన్ని విద్యార్థి చేతనే చెప్పించాలి. పాలకొండ, బొబ్బిలి వైపు బోధిస్తున్న సభ్యులు తమ విద్యార్థులు రాసిన వాక్యాలను ఆ తెలుగు రూపంతో సహా ఇక్కడ పెడితే ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.