పార్లమెంటు ఓటు ఎవరిని చూసి వేయాలి: ముఖ్యమంత్రినా, ప్రధానమంత్రినా, అభ్యర్థినా?

ప్రశ్న: తెనాలి వాసి (ఏప్రిల్ 2024)

క్రోధి నామ సంవత్సరం మా ఇంట్లో పేరుకు తగ్గట్టుగానే మొదలైంది. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను గానీ నా ఓటు తెనాలిలోనే ఉంది. ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు శాసనసభకూ పార్లమెంటుకూ ఒకేసారి జరిగే మే 13 పోలింగు ప్రస్తావన వచ్చింది. విస్తట్లో పులిహోర ఉండగానే మా పెదనాన్నగారికీ బాబాయిగారికీ మాటలు పెరిగాయి. సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణానికి కూడా ఇద్దరూ వేరువేరుగానే వెళ్లారు.

దేశాన్ని నడపడానికి మోదీగారు తప్ప మరొకరు లేరు కాబట్టి రెండు ఓట్లూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమికే వేయాలని బాబాయిగారి వాదన. 2018లో అదే మోదీగారి ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టిన తెలుగుదేశం పార్టీ, 2019లో ఆయనను ఓడించమని దేశమంతా తిరిగిన దాని నాయకుడు చంద్రబాబుగారు, మొన్న మార్చిలో మళ్లీ ఆయన పక్కనే నిలబడితే ఏ మాటను నమ్మాలని పెదనాన్నగారు అడుగుతారు. ఆయన దృష్టిలో పింఛను ఇంటికి పంపిన జగన్‌గారికి రెండు ఓట్లూ వేయడమే న్యాయం. వంటింట్లోంచి మా అత్తయ్య, పదేళ్లుగా ఒకరినే చూశాము కదా, రాహుల్‌గాంధీకి ఒక అవకాశం ఇస్తే ఏం పోయిందని అన్నది. ఆ ఒక్క మాటకు మాత్రం అన్నదమ్ములిద్దరూ ఏకమై ఆవిడ మీద విరుచుకుపడ్డారు.

నన్ను ఆలోచింపజేసింది ఆ తరువాత జరిగినది. గంటన్నర సేపు సాగిన ఆ వాదనలో గుంటూరు పార్లమెంటు స్థానానికి పోటీ చేస్తున్నవారి పేరు ఒక్కటి కూడా వినిపించలేదు. నేనే కల్పించుకుని, మన ఎంపీ అభ్యర్థులెవరో చెప్పమని అడిగితే బాబాయిగారు ఒక పేరు సగం చెప్పి ఆగిపోయారు, పెదనాన్నగారు పత్రిక కోసం వెతికారు.

శాసనసభ ఓటు విషయంలో నాకు స్పష్టత ఉంది. పార్లమెంటు ఓటును దేని ఆధారంగా నిర్ణయించుకోవాలన్నదే నా సందేహం. ఏ పార్టీకి వేయాలో చెప్పవద్దని, ఎలా ఆలోచించాలో మాత్రమే చెప్పవలసిందని పెద్దలను కోరుతున్నాను.

జవాబు: హనుమకొండ మాస్టారు

ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక కొంచెం పాఠంలా సాగితే క్షమించండి.

ముందుగా మీ ఊరి సంగతే చూడండి. 2019లో మీ గుంటూరు పార్లమెంటు స్థానం కింద ఉన్న ఏడు శాసనసభ స్థానాల్లో తెనాలితో సహా ఆరింటిని వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది; తెలుగుదేశానికి దక్కింది గుంటూరు పశ్చిమ ఒక్కటే. అయినా పార్లమెంటుకు గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి గల్లా జయదేవ్‌గారు, 4,205 ఓట్ల ఆధిక్యంతో. ఆ ఏడాది రాష్ట్రంలో తెలుగుదేశానికి వచ్చిన మూడు ఎంపీ స్థానాలూ, అంటే గుంటూరు, విజయవాడ, శ్రీకాకుళం మూడూ, ఇలా వచ్చినవే. మీరు అడుగుతున్న ప్రశ్నకు మీ ఊరివాళ్లలో కొన్ని వేలమంది ఐదేళ్ల కిందటే ఎవరికీ చెప్పకుండా తమ జవాబు తాము రాసుకున్నారన్నమాట.

మా తెలంగాణలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే మాకు రెండు ఎన్నికలూ విడిపోయాయి. 2018 డిసెంబరులో తెరాసకు 119కి 88 స్థానాలు ఇచ్చిన జనమే, నాలుగు నెలలు గడిచాక పార్లమెంటు ఎన్నికల్లో 17కు 9 మాత్రమే ఇచ్చి, శాసనసభలో ఒక్క స్థానంతో సరిపెట్టుకున్న బీజేపీకి నాలుగు, కాంగ్రెసుకు మూడు ఇచ్చారు. మనిషి అదే, వేలు అదే. నడుమ కాస్త వ్యవధి దొరికింది, అంతే. మీకు ఆ వ్యవధి లేదు. ఒకే ఉదయం, ఒకే గదిలో, రెండు నిర్ణయాలు తీసుకోవాలి. అందువల్ల శాసనసభ వేడిలోనే రెండోదీ కొట్టుకుపోతుంది. పొరుగున కర్ణాటకలో 1984 డిసెంబరులో జనతా పార్టీకి 28కి నాలుగు ఎంపీ స్థానాలు వస్తే రామకృష్ణ హెగ్డేగారు నైతిక బాధ్యతగా రాజీనామా చేసి శాసనసభ ఎన్నికలకు వెళ్లారు; మూడు నెలల్లో అదే ప్రజలు ఆయనకు సంపూర్ణ మెజారిటీ ఇచ్చి పంపారు. ఓటరు తెలివి మీద నాకు నమ్మకం కలిగించిన సంఘటనల్లో అది ఒకటి.

ఇక జాతీయ నాయకత్వం విషయం. అదే 1984లో ఇందిరాగాంధీ హత్య తరువాతి సానుభూతి వెల్లువలో కాంగ్రెసు నాలుగు వందలు దాటితే, మన రాష్ట్రం మాత్రం తెలుగుదేశానికి 30 స్థానాలిచ్చి లోక్‌సభలో దానిని ప్రధాన ప్రతిపక్షంగా కూర్చోబెట్టింది. మా హనుమకొండలో పీవీ నరసింహారావుగారంతటివారు బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. ఆ రాత్రి లెక్కింపు కేంద్రం బయట రేడియో చుట్టూ నిలబడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఫలితం విన్న తరువాత కూడా సగంమంది నమ్మలేదు. ఐదేళ్లకు, 1989లో, ఎన్టీ రామారావుగారు జాతీయ ఫ్రంటుకు అధ్యక్షులుగా దేశమంతా తిరిగి ఢిల్లీలో ప్రభుత్వాన్ని మార్చారు గానీ, సొంత రాష్ట్రంలో 42కు రెండే ఎంపీ స్థానాలు మిగిలాయి, కల్వకుర్తిలో తామే ఓడిపోయారు. నాయకుడి జాతీయ స్థాయికీ ఇంటి దగ్గరి ఓటుకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు.

కాబట్టి నా సలహా ఒక్కటే. మీ పెదనాన్నగారినీ బాబాయిగారినీ నాయకుల గుణగణాలు పక్కన పెట్టి, వారి వారి పార్టీలు గత ఐదేళ్లలో లోక్‌సభలో ఏయే బిల్లుకు ఎటు ఓటు వేశాయో చెప్పమనండి. 370వ అధికరణం మార్పును వైఎస్సార్ కాంగ్రెసూ తెలుగుదేశమూ రెండూ బలపరిచాయి. పౌరసత్వ సవరణ చట్టాన్నీ రెండూ బలపరిచాయి. మా తెరాస దానిని వ్యతిరేకించింది. 2022 రాష్ట్రపతి ఎన్నికలోనూ మీ రెండు పార్టీలూ ద్రౌపది ముర్ముగారికే మద్దతిచ్చాయి. మీ ఊళ్లో తలలు పగలగొట్టుకునే రెండు పక్షాలు ఢిల్లీలో ముఖ్యమైన సందర్భాల్లో ఒకే వైపు కూర్చున్నాయన్న సంగతి తెలిస్తే, ఉగాది నాటి పులిహోర చల్లారకుండా ఉండేదేమో.

జవాబు: కృష్ణలంక

మాస్టారి మాటలను గౌరవిస్తూనే, అభ్యర్థిని చూసి ఓటు వేయడమనే ఆలోచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

మా విజయవాడ అనుభవం చెబుతాను. 2019లో ఇక్కడ కూడా శాసనసభకు ఫ్యానుకూ పార్లమెంటుకు సైకిలుకూ వేసినవాళ్లున్నారు, అభ్యర్థి కేశినేని నానిగారి మీద గౌరవంతోనే వేశామని చాలామంది చెప్పుకున్నారు. 2018 జూలైలో మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించినది ఆయనే. ఈ జనవరిలో ఆయన వైఎస్సార్ కాంగ్రెసులో చేరారు, తెలుగుదేశం తరఫున ఆయన తమ్ముడే పోటీ చేస్తున్నారు. మనిషిని చూసి వేసినవాళ్లు ఇప్పుడు ఏం చేయాలి? మీ గుంటూరులో గెలిచినాయన రాజకీయాల నుంచే తప్పుకున్నారు. మనిషి మంచివాడే కావచ్చు, కానీ 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్, అంటే ఎటు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశం, జారీ అయితే ఆయన చెయ్యి పార్టీ ఎటు ఎత్తమంటే అటే లేస్తుంది, లేకపోతే సభ్యత్వం పోతుంది. అటువంటప్పుడు పార్టీనీ దాని నాయకుణ్ణీ చూసి వేయడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

మరొక మాట. ఎంపీల సంఖ్య ఎంత ఉన్నదన్నది కూడా ఢిల్లీ అవసరాన్ని బట్టే విలువ తెచ్చుకుంటుంది. 2019లో వైఎస్సార్ కాంగ్రెసుకు 22 మంది ఎంపీలు గెలిచినా ప్రత్యేక హోదా విషయంలో ఒక్క అడుగు పడలేదు, ఎందుకంటే బీజేపీకి సొంతంగానే 303 ఉన్నాయి. 1999 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగిన ఎన్నికల్లో తెలుగుదేశానికి 29 వస్తే, 182 దగ్గర ఆగిపోయిన బీజేపీకి అవి ప్రాణాధారమయ్యాయి. అదే ఏడాది ఏప్రిల్ 17న వాజపేయిగారి ప్రభుత్వం 269కి 270, ఒక్క ఓటుతో పడిపోయిన రోజున సభాపతి స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగిగారే. అందువల్ల ‘ఈసారి సభ త్రిశంకులో పడుతుందా, ఒక పార్టీకే పూర్తి బలం వస్తుందా’ అన్న అంచనాను పక్కన పెట్టి ప్రాంతీయ పార్టీకి ఓటు వేయడం, వర్షం పడుతుందో లేదో చూడకుండా విత్తనం చల్లడమే.

జవాబు: ఎన్నికల విధుల ఉపాధ్యాయిని

చరిత్ర పెద్దలు చెప్పారు కనుక నేను గదిలో కనిపించినది మాత్రం చెబుతాను.

2019 ఏప్రిల్ 11న ఒక పల్లె పోలింగు కేంద్రంలో పని చేశాను. రెండు ఓటింగు యంత్రాలు ఉంటాయి. పార్లమెంటు యంత్రం మీద తెల్ల కాగితం, శాసనసభ యంత్రం మీద లేత గులాబీ కాగితం. నొక్కిన తరువాత బీప్ శబ్దం వినిపించేదాకా మేము తరువాతివారిని పంపలేము. శాసనసభ యంత్రం దగ్గర చాలామందికి క్షణం పట్టేది కాదు. తెల్ల కాగితం దగ్గర మాత్రం ఆగిపోయేవారు. డెబ్బై ఏళ్ల పైబడిన ఒకావిడ అట్ట అడ్డు వెనుక నుంచి తల బయటకు పెట్టి, ‘గుర్తుంది గానీ నాయనా, మా నాయకుడి బొమ్మ ఏదీ? ఈ మనిషెవరు?’ అని గట్టిగా అడిగింది. మేము ఏమీ చెప్పకూడదు. మా ప్రిసైడింగు అధికారి ‘అమ్మా, మీకు నచ్చినదాన్ని నొక్కండి’ అని మాత్రం అన్నారు. ఏజెంట్లు నవ్వారు. కాగితం మీద ఉండేది అభ్యర్థి ఫొటో గానీ పార్టీ అధినేత ఫొటో కాదని ఆవిడకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

తెనాలివారికి మరొక సూచన: మీ నియోజకవర్గంలో కూటమి తరఫున శాసనసభకు జనసేన, పార్లమెంటుకు తెలుగుదేశం పోటీ చేస్తున్నాయి. అంటే మోదీగారిని చూసి రెండు ఓట్లూ వేస్తామంటున్న మీ బాబాయిగారికి ఏ కాగితం మీదా కమలం కనిపించదు. పోలింగు రోజున వెతుక్కుని కంగారు పడకుండా ముందే చెప్పండి.

జవాబు: తెనాలి వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బాబాయిగారికి ఫోను చేసి ఉపాధ్యాయినిగారి మాట చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, ‘కమలం లేకపోవడమేమిటి?’ అన్నారు. తెల్ల కాగితం మీద సైకిలు, గులాబీ కాగితం మీద గాజు గ్లాసు అని వివరించాక, రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నారు.

కృష్ణలంక మిత్రులు చెప్పిన విప్ సంగతి నేను ఆలోచించనిది. అయితే ఒక సందేహం మిగిలింది. విప్ ఉండేది ఓటింగుకే కదా. ప్రశ్నోత్తరాల సమయంలో అడిగే ప్రశ్నకూ, స్థాయీ సంఘంలో మాట్లాడే మాటకూ, ఏటా 5 కోట్ల రూపాయల నియోజకవర్గ నిధిని ఎక్కడ ఖర్చు పెట్టాలో సిఫారసు చేయడానికీ విప్ లేదు. అక్కడ మనిషి తేడా కనిపించదా? రెండో మాట, మాస్టారు చెప్పిన పద్ధతిలో గత ఐదేళ్ల నడవడి చూద్దామంటే, మాకు ఉన్న అభ్యర్థులు ఇంతవరకూ లోక్‌సభ మెట్లు ఎక్కనివారు. చూడడానికి ఏముంది?

జవాబు: హనుమకొండ మాస్టారు

మీ మొదటి మాటతో నేను ఏకీభవిస్తాను, కృష్ణలంకవారు కూడా కాదనరనుకుంటాను.

రెండో దానికి: మీకు నామినేషన్ల గడువు ఏప్రిల్ 25. ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, చదువు, తన మీద ఉన్న కేసులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. దాఖలైన ప్రతులను ఎన్నికల సంఘం తన వెబ్‌సైటులో పెడుతుంది. సభలో నడవడి లేనివారి విషయంలో పార్టీ నడవడిని సభ రికార్డులోనూ, మనిషి నడవడిని ఆ కాగితంలోనూ చూడండి. వీలైతే రెండు ప్రతులు ముద్రించి పట్టుకెళ్లండి, ఒకటి పెదనాన్నగారికి, ఒకటి బాబాయిగారికి. అత్తయ్యగారికి ఒకటి ఎక్కువే తీసుకోండి; మీరు రాసినదాన్ని బట్టి ఆ ఇంట్లో వాటిని చివరిదాకా చదివేది ఆవిడేనని నాకు అనిపిస్తోంది.