కూచిపూడి నేర్చుకునే పాపకు సాయం ఎలా చేస్తే మంచిది?

ప్రశ్న (కావలి): మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఏడాదికి ఓ లక్ష దాకా పోగేయగలం. మా వీధిలో పదిహేనేళ్ల పాప కూచిపూడి నేర్చుకుంటోంది, పట్టీల్లో సగం గజ్జెలు ఊడిపోతే వాళ్లమ్మ పురికొసతో కుట్టి ఇస్తోంది. అయినా ఆ పిల్ల అడుగేస్తే చూపు తిప్పుకోలేం. డబ్బు ఒకేసారి ఇవ్వాలా, నెలనెలానా?

జవాబు: నెలనెలా ఇవ్వండన్నా, కనీసం మూడేళ్లు. సభ పెట్టి, శాలువా కప్పి చెక్కు చేతికిస్తే ఫొటో మిగులుతుంది గానీ గురువుగారి ఫీజు, బస్సు ఛార్జీలు, ఆహార్యం ఖర్చు ప్రతి నెలా అలాగే ఉంటాయి.

జవాబు: కళలు నేర్చుకునే పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 10-14 ఏళ్ల మధ్యే అప్లై చేయాలి. యువ కళాకారులకిచ్చేది నెలకు 5,000, రెండేళ్లపాటు, కానీ 18 నిండాలి. 14కీ 18కీ మధ్యలోనే చాలామంది మానేస్తారు, నా చెల్లెలు కూడా అలాగే మానేసింది. మీ డబ్బు అవసరం సరిగ్గా ఇక్కడే.

జవాబు (నెల్లూరు): ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో బాలు గారి పేరు పెట్టారు కదా, ఓసారి వెళ్లి మాస్టార్లతో మాట్లాడండి. ముందు ఆ గజ్జెలు కొనివ్వండి.

కావలి: ఈ ఆదివారమే కొంటున్నామండీ.