పాపకి 9 నెలల టీకా: పేరెంట్స్ గ్రూప్ వద్దంటోంది, వేయించాలా?

చిన్నూ_అమ్మ: మా బాబుకి నాలుగేళ్లు, ఆటిజం. పాపకి 9 నెలలు నిండాయి. బుధవారం ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి తీసుకురమ్మని ఆశా వర్కర్ చెప్పి వెళ్లింది. థెరపీ సెంటర్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం ‘టీకా వల్లే ఆటిజం వస్తుంది, ఒకసారి చెయ్యి కాలింది చాలదా’ అంటున్నారు. ఏం చేయను?

గోదారి_గట్టు: వేయించండి. ఈ గోల 1998లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతో మొదలైంది. టీకా కంపెనీల మీద కేసు వేస్తున్న లాయరు దగ్గర ఆయన డబ్బు తీసుకున్నాడని తర్వాత బయటపడింది. దాన్ని అచ్చేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడాది ఆయన పేరు డాక్టర్ల రిజిస్టర్ నుంచి కొట్టేశారు.

రమణ_ఎల్బీనగర్: 12 మందేనా? మావాడు 13వ వాడు అనుకోండి. ఏడాదిన్నర టీకా వేయించిన మూడు వారాలకి ‘అత్త’, ‘తాత’ రెండూ పోయాయి. పేపర్ రద్దు చేస్తే ఆ మాటలు తిరిగొస్తాయా?

బుక్కపట్నం_బాబాయ్: చిన్న సవరణ. అక్కడిది ఎంఎంఆర్. మన సర్కారు వేసేది ఎంఆర్, ఇందులో గవదబిళ్లల మందు ఉండదు.

రమణ_ఎల్బీనగర్: ఒక ఎం తగ్గితే ఏమైంది బాబాయ్!

గోదారి_గట్టు: రమణ గారూ, కొందరు పిల్లల్లో మాటలు పోయే వయసూ, ఏడాదిన్నరకి వేసే ఆ రెండో డోసు వయసూ ఒకటే. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూసి 2019లో చెప్పారు, వేయించినా మానేసినా ఆటిజంలో తేడా లేదని. జపాన్ 1993లోనే ఎంఎంఆర్ ఆపేసింది. అయినా అక్కడి యోకొహామా నగరంలో ఆటిజం కేసులు పెరిగాయి.

రమణ_ఎల్బీనగర్: ఆపారంటే ఏదో ఉండబట్టే కదా?

గోదారి_గట్టు: ఉంది. అందులోని గవదబిళ్లల మందు వల్ల కొందరికి మెదడు పొరల వాపు వచ్చింది. ఆటిజం కాదు.

సుధ_వైజాగ్: తల్లిదండ్రులందరూ ఒకే మాట మీద లేరు. అమెరికాలో ఆలిసన్ సింగర్ అనే ఆటిజం తల్లి, ఇంకా టీకాల వెంటే పడుతున్నారని 2009లో ఒక పెద్ద ఆటిజం సంస్థ నుంచి బయటికొచ్చి వేరే సంస్థ పెట్టుకుంది. మన గ్రూపుల్లో వికలాంగుల సర్టిఫికెట్ గురించి అడిగితే ఒక్కరు పలకరు, టీకా అంటే రాత్రంతా మెసేజులే.

రమణ_ఎల్బీనగర్: ఇంట్లో ఆటిజం పిల్లలు లేనివాళ్ల లెక్కలు మాకొద్దు.

గోదారి_గట్టు: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ రోజుకీ మాటల్లేవు. ‘టీకాకి ఎత్తుకెళ్లింది నువ్వే కదా’ అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. మీలాంటివాళ్లు పంపిన వీడియోలు చూశాకే ఆవిడకి ఆ మాట దొరికింది.

రమణ_ఎల్బీనగర్: మా ఇంట్లో దానికి ఉల్టా. కడుపుతో ఉన్నప్పుడు ఉద్యోగం మానలేదని మా అమ్మ రెండేళ్లు మా ఆవిడని సాధించింది. టీకా అన్నాక నోరు మూసుకుంది. అదీ కాదంటే మళ్లీ ఎవరి మీద పడుతుంది?

గోదారి_గట్టు: అందుకని వాళ్ల పాపకి తట్టు రావాలా?

చిన్నూ_అమ్మ: బుధవారం తీసుకెళ్తున్నా. గ్రూప్‌లో చెప్పను.

రమణ_ఎల్బీనగర్: వారం పది రోజులకి జ్వరం తగలొచ్చు, టెన్షన్ పడకండి. మావాడికీ వచ్చి రెండు రోజుల్లో తగ్గింది.